ఆన్‌లైన్ ఫాంటసీ గేమ్‌కు ఆడేవాళ్లు మళ్లీ మళ్లీ రావాలంటే: చిన్న టీమ్‌ల కోసం సమగ్ర మార్గదర్శి

గేమ్ తయారు చేయడం ఒక ఎత్తు, దాన్ని నడపడం ఇంకో ఎత్తు. మొదటి రోజు స్నేహితులందరూ డౌన్‌లోడ్ చేసుకుంటారు, స్క్రీన్‌షాట్ తీసి స్టేటస్‌లో పెడతారు. పదో రోజుకు చూస్తే సర్వర్‌లో మీరు, మీ టెస్టరు తప్ప ఎవరూ ఉండరు. నేను అనంతపురంలో ఉంటూ ఇద్దరు ముగ్గురు మిత్రులతో కలిసి తెలుగులో ఒక చిన్న ఆన్‌లైన్ రోల్ ప్లేయింగ్ గేమ్ నడుపుతున్నాను. కర్నూలు, కడప వైపు కూడా ఇలాంటి ప్రయత్నాలు చేస్తున్న ఇంజనీరింగ్ కుర్రాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "అన్నా, జనం ఎందుకు నిలవడం లేదు?"

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. కొత్త కత్తి కోసం వచ్చినవాడు కత్తి దొరకగానే వెళ్లిపోతాడు. "ఏమప్పా, నిన్న రాలేదే?" అని అడిగే మనిషి గేమ్ లోపల ఒకరున్నవాడు మాత్రం మళ్లీ వస్తాడు. కింద చెప్పే పనులన్నీ ఆ ఒక్క మనిషి దొరికేలా చేయడానికే.

1. ఎవరెవరు వస్తారో కాగితం మీద పెట్టండి

1978లో ఇంగ్లండ్‌లోని ఎసెక్స్ విశ్వవిద్యాలయంలో రాయ్ ట్రబ్‌షా అనే విద్యార్థి 'మడ్' అనే గేమ్ మొదలుపెట్టాడు. బొమ్మలుండవు, అంతా అక్షరాలే. దాన్ని ముందుకు తీసుకెళ్లిన రిచర్డ్ బార్టిల్ 1996లో ఒక వ్యాసం రాశాడు. అందులో ఆడేవాళ్లను నాలుగు రకాలుగా విడదీశాడు: లెవెల్, బంగారం, బిరుదుల కోసం వచ్చేవాళ్లు, మూల మూలా తిరిగి చూడాలనుకునేవాళ్లు, కబుర్ల కోసం వచ్చేవాళ్లు, ఎదుటివాడిని పడగొట్టడంలో మజా ఉన్నవాళ్లు. మనుషులు ఇంత నిక్కచ్చిగా నాలుగు గడుల్లో ఇమడరు గానీ, పని మొదలుపెట్టడానికి ఈ లెక్క చాలు.

కాగితం మీద నాలుగు గడులు గీసి, మీ గేమ్‌లో చేయగలిగిన ప్రతి పనినీ దాని గడిలో రాయండి. చిన్న టీమ్‌ల కాగితాలు చాలా చూశాను. లెవెల్ గడి నిండిపోయి ఉంటుంది, కబుర్ల గడిలో 'చాట్' అన్న ఒక్క మాట ఉంటుంది. నిజానికి అది అన్నిటికన్నా చవకగా నిండే గడి. ఊరి మధ్యలో కూర్చోడానికి ఒక రచ్చబండ, ఎదుటివాడికి నమస్కారం పెట్టే బటన్, వంట చేసి పక్కవాడికి వడ్డించే వీలు. వీటికి బాస్ ఫైట్‌కు (పెద్ద రాక్షసుడితో పోరుకు) పట్టే శ్రమలో పదో వంతు కూడా పట్టదు.

నాలుగో రకం వాళ్లతో మాత్రం జాగ్రత్త. 1997లో వచ్చిన అల్టిమా ఆన్‌లైన్ అనే గేమ్‌లో ఊరు దాటితే ఎవరు ఎవరినైనా చంపొచ్చు. కొత్తవాళ్లు బెంబేలెత్తిపోయారు. చివరికి 2000లో ఆ ప్రపంచాన్నే రెండుగా చేసి, ఒకదానిలో ఒప్పుకోనివాళ్ల మీద దాడి కుదరకుండా చేశారు. మీరు ఆ అవస్థ పడనక్కర్లేదు. కొట్లాటకు ఒక మైదానం పెట్టండి, ఇష్టమున్నవాళ్లే లోపలికి వెళ్తారు.

2. మొదటి అరగంట: పక్కన కూర్చోండి, నోరు మెదపకండి

కొత్తవాడి చేతికి ఫోన్ ఇచ్చి పక్కన కూర్చోండి. ఏమీ చెప్పొద్దు. అతని బొటనవేలు ఎక్కడ ఆగుతుందో చూడండి.

ఒక డిగ్రీ కుర్రాడు వేరేవాళ్ల గేమ్ ఒకటి మొదలుపెట్టడం దగ్గరుండి చూశాను. ముందు ఎనిమిది జాతులు, తర్వాత జుట్టు రంగులు, తర్వాత ముక్కు వెడల్పు. అన్నీ చకచకా దాటేశాడు. పేరు దగ్గర ఆగాడు. తెలుగులో 'ఉగ్రసింహ' అని కొట్టాడు. తెర మీద రావత్తు గ కిందికి రాలేదు, పక్కన విడిగా నిలబడింది. చెరిపి మళ్లీ కొట్టాడు. అదే. ఇంగ్లిష్ అక్షరాల్లో కొడితే 'ఈ పేరు ఇప్పటికే ఉంది' అని వచ్చింది. "ఇది మనకు కాదులే అన్నా" అని ఫోన్ బల్ల మీద పెట్టేసి టీ చెప్పాడు. ఆ గేమ్‌లో డ్రాగన్ ఎంత బాగుందో అతనికి ఇప్పటికీ తెలియదు.

దీనికి కారణం ఉంది. తెలుగులో గుణింతాలు, ఒత్తులు సరిగ్గా కూర్చాలంటే అక్షరాలను కలిపి రూపం ఇచ్చే ప్రత్యేకమైన ఏర్పాటు కావాలి. చాలా గేమ్ ఇంజిన్లలో (గేమ్ కట్టే సాఫ్ట్‌వేర్లలో) మామూలు టెక్స్ట్ బాక్స్ ఆ పని చేయదు. యూనిటీలో మీరు వాడే టెక్స్ట్ పద్ధతిని బట్టి అదనపు ప్లగిన్ వెతుక్కోవాల్సి రావచ్చు. గోడో నాలుగో వెర్షన్ నుంచి ఆ సదుపాయం ఇంజిన్‌లోనే ఉంది. ఏది వాడినా శ్రీకృష్ణ, లక్ష్మి, స్వర్ణ, ఉగ్రసింహ అనే నాలుగు పేర్లు మొదటి రోజే టైప్ చేసి చూసుకోండి.

ఇక క్రమం. ముందు ఆట, తర్వాత అలంకారం. మొదటి రెండు నిమిషాల్లో ఒక్క దెబ్బైనా వేయనివ్వండి. జుట్టు, ముక్కు తర్వాత మార్చుకుంటాడు. పది నిమిషాల్లోపు ఇంకొక నిజమైన ప్లేయర్ కనిపించాలి. అరగంటలోపు ఆ మనిషితో ఏదో ఒక పని పడాలి. మా గేమ్‌లో ఊరి సత్రం పేదరాశి పెద్దమ్మది. కొత్తవాళ్లందరికీ ఆవిడ మొదటి పని ఒకటే ఇస్తుంది: "లోపల ఎవరో ఆకలితో ఉన్నారు, ఈ ముద్ద ఇచ్చిరా నాయనా." ఆ లోపలున్నది కంప్యూటర్ నడిపే బొమ్మ కాదు, సత్రంలో కూర్చున్న ఇంకో ప్లేయర్. ముద్ద అందుకున్నవాడికి కొంచెం బలం వస్తుంది కాబట్టి పాతవాళ్లు కావాలనే అక్కడ కాచుకుని కూర్చుంటారు. పరిచయాలు అక్కడే మొదలవుతాయి.

3. బహుమతి: వజ్రాల వేట దగ్గర నేర్చుకోవాల్సింది

తొలకరి వానలు పడగానే కర్నూలు జిల్లా తుగ్గలి, జొన్నగిరి పొలాలకు, అనంతపురం జిల్లా వజ్రకరూరు పొలాలకు జనం బయల్దేరతారు. వానకు పైమట్టి కొట్టుకుపోయి రాళ్లు తేలతాయి. ఎండకు తళుక్కుమన్న ప్రతి రాయినీ వంగి తీసి, తుడిచి, పారేస్తారు. ఎక్కువమందికి ఏమీ దొరకదు. మరుసటి ఏడు మళ్లీ వస్తారు. గేమ్‌లో 'లూట్' (రాక్షసులను కొడితే దొరికే వస్తువులు) వెనకున్న మనస్తత్వం మొత్తం ఇదే. ఎప్పుడు దొరుకుతుందో తెలియని బహుమతి కోసం జీవులు ఎక్కువ సేపు పట్టు వదలవని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త బి.ఎఫ్. స్కిన్నర్ పావురాల మీద ప్రయోగాలు చేసి చూపించాడు.

కానీ ఆ పొలాల్లో ఇంకోటి కూడా ఉంది. ఎక్కువమంది ఇంటిల్లిపాదీ వస్తారు, ఊరివాళ్లతో కలిసి వస్తారు. చెట్టు కింద సద్ది విప్పుతారు. ఎవరికో దొరికిందన్న కబురు పొలం ఆ చివర నుంచి ఈ చివరకు పాకుతుంది. మీరు తీసుకోవాల్సింది ఈ భాగాన్ని కూడా. మంచి వస్తువు దొరికితే ఆ సంగతి గిల్డ్ (ఎప్పుడూ కలిసి ఆడే జట్టు) అందరికీ తెలియాలి, దొరికినప్పుడు పక్కనున్నవాళ్ల పేర్లు ఆ వస్తువు మీద చిన్నగా కనిపించాలి.

లెక్కలో మాత్రం మోసపోకండి. ఒక బాస్ దగ్గర కిరీటం దొరికే అవకాశం నూటికి ఒకటి అని పెట్టారనుకుందాం. వందసార్లు కొడితే దొరికి తీరుతుందని ఆడేవాడు అనుకుంటాడు. నిజానికి వందసార్లు కొట్టిన వందమందిలో సుమారు 37 మందికి అది దొరకదు. రెండు వందల సార్లకు కూడా 13 మంది ఉత్త చేతులతో మిగులుతారు. మూడు వందలకు అయిదుగురు. ఆ అయిదుగురూ మీకు అత్యంత నమ్మకమైన ప్లేయర్లు, ఎందుకంటే ఇంకెవరూ అన్నిసార్లు ఆడరు. వాళ్లనే ఏడిపించి పంపుతున్నారన్నమాట.

పరిష్కారం తేలిక. బాస్ చచ్చిన ప్రతిసారీ ఒక ముక్క ఇవ్వండి. నూట యాభై ముక్కలు పోగైతే కిరీటం కొనుక్కోవచ్చు. అదృష్టవంతుడికి ముందే దొరుకుతుంది, మిగతావాడికి గమ్యం ఎక్కడుందో కనిపిస్తుంది.

అదృష్టాన్ని డబ్బుకు అమ్మకండి. లోపల ఏముందో తెలియకుండా డబ్బు పెట్టి తెరిచే పెట్టెలను, అంటే లూట్ బాక్సులను, బెల్జియం 2018లోనే జూదం కింద లెక్కగట్టింది. డబ్బు కట్టి డబ్బు గెలిచే ఆన్‌లైన్ ఆటలను మన దేశంలో 2025 చట్టం నిషేధించింది. చట్టం సంగతి అలా ఉంచినా, ఇంటర్ పిల్లవాడు నాన్న ఫోన్‌పే నుంచి పెట్టెలు తెరిచే గేమ్‌కు ఊళ్లో మంచి పేరు రాదు. దుస్తులు, గుర్రం రంగు, ఇంటి అలంకారం అమ్ముకోండి.

4. మనిషికి మనిషి అవసరం పడేలా

ఈ మెట్టు మీద ఎక్కువ సమయం పెట్టండి.

1999 నాటి ఎవర్‌క్వెస్ట్ అనే గేమ్‌లో ఒంటరిగా ముందుకు పోవడం మహా కష్టం. గుంపు కుదిరేదాకా గంటల తరబడి కూర్చునేవాళ్లు. ఆ కూర్చోవడంలోనే స్నేహాలు కలిసేవి, విసుగూ పుట్టేది. 2004లో వచ్చిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఒంటరిగా కూడా పై లెవెల్ దాకా వెళ్లనిచ్చింది. 2009 డిసెంబర్‌లో అదే గేమ్‌లో ఒక బటన్ నొక్కితే వేర్వేరు సర్వర్ల నుంచి అయిదుగురిని కుదిర్చే ఏర్పాటు వచ్చింది. సౌకర్యమే, కాదనను. కానీ అయిదుగురూ ఒక్క మాట మాట్లాడకుండా బాస్‌ను కొట్టి మాయమయ్యేవాళ్లు. మళ్లీ జన్మలో కలవరు కాబట్టి తిట్టినా అడిగేవాడు లేడు. 2019లో అదే గేమ్ పాత రూపాన్ని తిరిగి తెచ్చినప్పుడు ఆ బటన్ లేకుండానే తెచ్చారు, జనం ఎగబడ్డారు.

చిన్న గేమ్‌కు మధ్యేమార్గం పనికొస్తుంది. గుంపు త్వరగా కుదరాలి, కానీ నిన్నటి మనుషులే ఇవాళా తగలాలి. గుంపు కుదిర్చేటప్పుడు ఇంతకుముందు కలిసి ఆడినవాళ్లకు మొదటి ప్రాధాన్యం ఇవ్వండి. బాస్ చచ్చాక వెంటనే బయటికి తోసేయకుండా ఓ అర నిమిషం నిప్పు చుట్టూ కూర్చోబెట్టి, 'మళ్లీ కలిసి ఆడదాం' అనే బటన్ చూపించండి. ఇద్దరూ నొక్కితేనే స్నేహం కుదరాలి. ఒకరే నొక్కితే రెండోవారికి తెలియనివ్వకండి, మొహమాటాలు వద్దు.

లెవెల్ తేడా స్నేహాన్ని చంపేస్తుంది. అన్న యాభైలో ఉంటాడు, తమ్ముడు నిన్ననే చేరాడు, ఇద్దరికీ కలిసి ఆడే చోటే ఉండదు. 2004లోనే సిటీ ఆఫ్ హీరోస్ దీనికి విరుగుడు కనిపెట్టింది: చిన్నవాడిని తాత్కాలికంగా దాదాపు పెద్దవాడి స్థాయికి ఎత్తేది. 2012లో వచ్చిన గిల్డ్ వార్స్ 2 పెద్దవాడిని ఆ ప్రాంతపు స్థాయికి దించుతుంది. రెండూ మంచివే. అదే గిల్డ్ వార్స్ 2లో నాకు బాగా నచ్చింది ఇంకోటి ఉంది. ఒక ఖనిజం దగ్గర నేను తవ్వుకుంటే మీ వాటా తగ్గదు, ఎవరిది వారికి ఉంటుంది. చూడ్డానికి చిన్న విషయమే. కానీ చాలా గేమ్‌లలో ఎదురుగా ఇంకో ప్లేయర్ వస్తుంటే 'అయ్యో, నా రాయి పట్టుకుపోతాడేమో' అనే భయం కలుగుతుంది. ఇక్కడ 'తోడు దొరికాడు' అనిపిస్తుంది. మీ గేమ్‌లో కొత్తవాడు కనిపించగానే పాతవాడి ముఖం చిట్లుతోందా, విప్పారుతోందా? ఈ ప్రశ్న ప్రతి ఫీచర్‌కూ వేయండి.

5. గిల్డ్‌కు ఊపిరాడే చోటు ఇవ్వండి

రాత్రి తొమ్మిదిన్నరకు మా గేమ్‌లో ఒక గిల్డ్ వాయిస్ చాట్ ఇలా ఉంటుంది (హీలర్ అంటే జట్టు గాయాలు మాన్పేవాడు):

"అన్నా, ముందుకు పోవద్దప్పా, హీలర్ ఇంకా గేటు కాడే ఉన్నాడు."

"వాడెప్పుడూ అంతేలే. రేయ్ తమ్ముడూ, యాడున్నావ్?"

"అమ్మ అన్నానికి పిలుస్తాంది అన్నా, రెండు నిమిషాలు."

"సరే, తినే రాపో. మేం ఈడే ఉంటాం."

ఆ 'ఈడే ఉంటాం' అనడానికి మీ డిజైన్ ఒప్పుకోవాలి. బాస్ గది తలుపు ముందు గడియారం తిరగకూడదు, రాక్షసులు మళ్లీ పుట్టుకురాకూడదు. బాస్‌తో పోరు ఎనిమిది పది నిమిషాలకు మించకపోతే మంచిది. హాస్టల్ వార్డెన్, కరెంటు, అమ్మ, ఈ ముగ్గురినీ దృష్టిలో పెట్టుకుని పోరు నిడివి పెట్టుకోండి.

గిల్డ్‌లు ఎక్కువగా ఎక్కడ విరుగుతాయంటే వస్తువుల పంపకం దగ్గర. ఎవర్‌క్వెస్ట్ ఆడినవాళ్లే 1999 ప్రాంతంలో దీనికి పాయింట్ల పద్ధతి పెట్టుకున్నారు. రెయిడ్‌కు (అందరూ కలిసి పెద్ద బాస్ మీదికి వెళ్లే పోరుకు) వస్తే పాయింట్లు వస్తాయి, వస్తువు తీసుకుంటే ఖర్చవుతాయి. గేమ్ కంపెనీ చేసింది కాదది, ఆడేవాళ్లు సొంతంగా లెక్కల పుస్తకం రాసుకుని నడిపారు. మీరు ఆ పుస్తకాన్ని గేమ్‌లోనే పెట్టేస్తే గిల్డ్ నాయకుడికి సగం టెన్షన్ తగ్గుతుంది. ఇంకో సగం తగ్గాలంటే ఒక్కడి మీదే అన్ని అధికారాలూ ఉండకూడదు. కొత్తవాళ్లను చేర్చుకునేది ఒకరు, ఖజానా చూసేది ఒకరు, రాత్రి పోరు నడిపేది ఒకరు. నాయకుడికి ఉద్యోగం వచ్చి బెంగళూరు వెళ్లిపోయిన మరుసటి వారమే గిల్డ్ మూతపడకూడదు కదా.

6. బంగారం లెక్క

రోజూ మూడు వందల మంది ఆడుతూ తలా నాలుగు వందల బంగారు నాణేలు సంపాదిస్తే రోజుకు లక్షా ఇరవై వేల నాణేలు పుడతాయి. కత్తి మరమ్మతు, ప్రయాణం ఖర్చు, సంత పన్ను కలిపి తొంభై వేలు పోతే రోజుకు ముప్పై వేలు మిగులుతాయి. నెలకు తొమ్మిది లక్షలు. అవి ఎక్కడికీ పోవు, ధరలు పెంచుతాయి. మూడో నెలలో వచ్చిన కొత్తవాడు సంతలో చెక్క డాలు ధర చూసి గేమ్ తీసేస్తాడు. అందుకని పుట్టిన నాణేలు, పోయిన నాణేలు అని రెండు అంకెలు రోజూ రాసుకోండి. తేడా పెరుగుతుంటే మరమ్మతు ధర పెంచకండి, అందరికీ కోపం వస్తుంది. ధనవంతులు ఇష్టపడి ఖర్చు పెట్టేవి పెట్టండి: మేడ, ఊరేగింపు, గిల్డ్ జెండా.

7. తిరిగి చూసేవాళ్లకు గుహ కట్టేముందు బెలుం వెళ్లి రండి

కొలిమిగుండ్ల దగ్గర బెలుం గుహలు ఇప్పుడు నంద్యాల జిల్లాలో ఉన్నాయి, ఒకప్పుడు కర్నూలు జిల్లావే. మూడు కిలోమీటర్లకు పైగా పొడవు, అందులో సగం దాకానే సందర్శకులను వెళ్లనిస్తారు. పైనుంచి చూస్తే చదును నేలలో ఒక గొయ్యి, అంతే. మెట్లు దిగితే పెద్ద పెద్ద గదులు, తర్వాత వంగి నడవాల్సిన సందులు, మళ్లీ ఉన్నట్టుండి విశాలం. పడగల్లా వేలాడే రాళ్లకు వేయిపడగలని పేరు. తడితే స్వరాలు పలికే రాళ్లున్న చోటు సప్తస్వరాల గుహ. అన్నిటికన్నా లోతున పాతాళగంగ, ఎటు పోతుందో కనపడని నీళ్లు.

డంజియన్ (గేమ్‌లో రాక్షసులుండే గుహ) గీసేవాడికి ఇంతకన్నా పాఠం అక్కర్లేదు. ఇరుకు తర్వాత విశాలం పెట్టండి. ప్రతి గదికీ ఆడేవాడు ఇంకొకరికి చెప్పుకోగలిగిన గుర్తు ఒకటి ఉండాలి: "ఆ మోగే రాళ్ల కాడ ఎడమకు తిరుగు." మ్యాప్‌లో చూపకుండా ఒక దారి దాచండి, దానికి బహుమతి పెట్టకండి. దాన్ని కనిపెట్టినవాడికి ఇంకొకరిని చేయి పట్టుకుని తీసుకెళ్లడమే బహుమతి.

8. నెట్‌వర్క్

సర్వర్ ముంబైలోనో హైదరాబాద్‌లోనో పెట్టండి. పెద్ద క్లౌడ్ కంపెనీల్లో అమెజాన్‌కు రెండు చోట్లా కేంద్రాలున్నాయి, సింగపూర్ దాకా పోనక్కర్లేదు. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాక్ మీద బతికే ఫోన్లు గుర్తుంచుకోండి. పెద్ద అప్‌డేట్‌ను వైఫై దొరికేదాకా వాయిదా వేసుకునే వీలివ్వండి. సిగ్నల్ పోయినవాడి క్యారెక్టర్‌ను రెండు నిమిషాలు కాపాడి, తిరిగొచ్చాక ఉన్నచోటే నిలబెట్టండి. తిట్లు వడపోసే ఫిల్టర్‌కు తెలుగు లిపితో పాటు ఇంగ్లిష్ అక్షరాల తెలుగూ రావాలి, లేకపోతే అది ఉన్నా లేనట్టే.

9. ఏం కొలవాలి

అందరూ కొలిచేవి మూడు: చేరిన మర్నాడు ఎంతమంది వచ్చారు, వారానికి ఎంతమంది, నెలకు ఎంతమంది. కొలవండి, కానీ దానితో పాటు ఇంకోటి. చేరిన వారంలోపు ఒకే మనిషితో మూడు వేర్వేరు రోజులు కలిసి ఆడినవాళ్లు ఎంతమంది? మీ గేమ్‌లో వాళ్లను, మిగతావాళ్లను విడదీసి నెల తర్వాత పోల్చి చూడండి. తేడా లేకపోతే నేను పైన చెప్పింది మీ గేమ్‌కు వర్తించదు, వేరే దారి వెతకండి. ఉంటే మాత్రం కొత్త డ్రాగన్ గీయడం ఆపి నాలుగో మెట్టుకు వెనక్కి వెళ్లండి.

10. వెళ్లనివ్వండి

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ విడుదలకు ముందు పరీక్షల దశలో, ఎక్కువ సేపు ఆడితే వచ్చే అనుభవ పాయింట్లు సగానికి తగ్గేవి. ఆడినవాళ్లు మండిపడ్డారు. టీమ్ అంకెలు దాదాపు అలాగే ఉంచి పేర్లు మార్చింది. విశ్రాంతి తీసుకుని వచ్చినవాడికి రెట్టింపు, ఆ తర్వాత మామూలు. గొడవ ఆగిపోయింది. సెలవు తీసుకున్నందుకు లాభం ఇవ్వాలి గానీ రానందుకు జరిమానా వేయకూడదు.

ఇది మన దగ్గర మరీ ముఖ్యం. ఫిబ్రవరి, మార్చి వచ్చాయంటే ఇంటర్ పిల్లలు మాయమవుతారు. 'వరుసగా ముప్పై రోజులు లాగిన్ అయితేనే గుర్రం' అని పెడితే, చదువుకునే పిల్లవాడికి ఇరవయ్యో రోజున వరుస తెగుతుంది. ఇక వాడు ఏప్రిల్‌లో తిరిగి రాడు. వరుస తీసేసి 'ఏ ముప్పై రోజులైనా సరే' అనండి. ఫైనల్ ఫాంటసీ 14 నిర్మాత నవోకి యోషిడా, కొత్త కథ అయిపోతే వేరే గేమ్‌లు ఆడుకుని మళ్లీ రండని బాహాటంగా చెప్పాడు. 2010లో ఘోరంగా దెబ్బతిన్న ఆ గేమ్‌ను 2012లో ఆపేసి, 2013లో కొత్తగా కట్టి నిలబెట్టినవాడు ఆయనే కాబట్టి ఆ మాటకు బరువుంది.

తిరిగొచ్చినవాడి కోసం మూడు పనులు చేసి పెట్టుకోండి. గిల్డ్‌లో అతని పేరు తీసేయకుండా 'సెలవులో' అని గుర్తు పెట్టండి. వెనకబడిన లెవెల్ త్వరగా అందుకునేలా వారం పాటు రెట్టింపు పాయింట్లు ఇవ్వండి. లాగిన్ కాగానే కొత్త ఆఫర్ల పోస్టర్ చూపించకుండా, అతనితో ఎక్కువగా ఆడినవాళ్లలో ఇప్పుడు ఆన్‌లైన్‌లో ఎవరున్నారో వాళ్ల పేర్లు చూపించండి. ఎవరూ లేకపోతే వాళ్లు మామూలుగా ఏ వేళకు వస్తారో చూపించండి.